రచ్చ గెలిచిన చార్లెస్ డికెన్సు

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని తెలుగువారి సామెత. ఆంగ్ల నవలాకారుడైన చార్లెస్ డికెన్సు రచ్చ గెలిచిన తీరు సాహిత్య చరిత్రలో బహు కొద్దిమందికి మాత్రమే లభించిన భాగ్యము. ఆయన ఇంట గెలిచెనా యను ప్రశ్నకు సమాధానము మాత్రము, ఆయన మరణించిన అరువది యేండ్లు దాటువరకును లోకమునకు చక్కగా తెలియరాలేదు. పేదలకును, అనాథ బాలురకును, చలికాలపు రాత్రి పొయ్యి చుట్టు చేరిన కుటుంబమునకును ఆయనను మించిన ఆప్తుడు లేడని నాటి ప్రజలు నమ్మిరి. ఆ నమ్మికలో సత్యము చాల కలదు. అయినను దాని చాటున రెండు రహస్యములు దాగియుండెను. ఒకటి, తన దోషమేమియు లేకుండ బాల్యమున తగిలిన గాయము. రెండవది, పెద్దవాడైన పిమ్మట తాను చేతులార చేసిన అన్యాయము. ఈ రెంటిని వేరువేరుగ చూచినగాని డికెన్సు జీవితము బోధపడదు.

డికెన్సు 1812వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన ఇంగ్లండు దక్షిణ తీరమందలి పోర్ట్స్‌మత్ పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ డికెన్సు నౌకాదళపు జీతముల కచేరీలో గుమాస్తా. మాటకారి, ఉల్లాసవంతుడు, రాబడికి మించి వెచ్చించు స్వభావము కలవాడు. ఎనమండుగురు సంతానములో చార్లెసు రెండవవాడు. చాతం పట్టణమున గడచిన చిన్ననాటి యేండ్లు ఆయనకు సుఖప్రదములు. తండ్రి సేకరించిన కథాగ్రంథములను చదువుట అచ్చటనే అలవడెను. తండ్రితో షికారు పోవునపుడు గాడ్స్‌హిల్ అను గుట్టపై నొక పెద్ద యిల్లు కనబడుచుండెను. కష్టపడి పనిచేసినచో ఎన్నడో యొకనాడు ఆ యింట కాపురముండవచ్చునని తండ్రి కుమారునితో చెప్పుచుండెడివాడు.

1822లో కుటుంబము లండను నగరమునకు తరలెను. అచ్చట అప్పులు పెరిగెను. ఇంటిలోని సామానులును, బాలుడు ప్రాణప్రదముగ చూచుకొనిన పుస్తకములును ఒక్కటొక్కటిగ అమ్ముడుపోయెను. చదువు నిలిచిపోయెను. 1824 ఫిబ్రవరిలో, పండ్రెండేండ్లు నిండిన దినములలోనే, థేమ్సు నది యొడ్డున హంగర్‌ఫర్డ్ రేవుమెట్ల చెంతనున్న వారెన్ బూటుపాలిషు కార్ఖానాలో బాలుని పనికి పెట్టిరి. అది ఎలుకలు తిరుగాడు పాడుబడిన కట్టడము. పాలిషు నింపిన జాడీలకు కాగితము కప్పి, దారముతో బిగించి, అంచులు కత్తిరించి, పైన పేరుచీటీ అంటించుట ఆ బాలుని పని. వారమునకు కూలి 6 షిల్లింగులు. ఆ నెలలోనే తండ్రి, ఒక రొట్టెల వర్తకునికి పడిన 40 పౌనుల బాకీ తీర్చలేక, మార్షల్సీ యను బాకీదారుల చెరసాల పాలయ్యెను. కొంతకాలమునకు తల్లియు, చిన్నపిల్లలును ఆ చెరలోనికే కాపురము పోయిరి. అక్క ఫ్యానీ సంగీత విద్యాలయమున చదువు సాగించుచుండెను. చార్లెసు మాత్రము పరాయి యింట బసచేసి, వారపు కూలిని దినమునకింతయని పొట్లములు కట్టుకొని, ఒంటరిగ బ్రదుకు వెళ్లబుచ్చెను.

మూడు నెలలకు తండ్రికి విడుదల వచ్చెను గాని కుమారునికి రాలేదు. కార్ఖానా కోవెంట్ గార్డెన్ ప్రాంతమునకు మారిన పిమ్మట, వెలుతురు కొరకు పనిబాలురను వీధి కిటికీ యొద్ద కూర్చుండబెట్టిరి. వారి చేతివేగమును చూచుటకు దారిన పోవువారు గుమిగూడుచుండిరి. ఒకనాడు తండ్రియు ఆ దృశ్యమును చూచెను. తరువాత ఆయనకు కార్ఖానావారితో తగవు వచ్చి, బాలుని పని మాన్పించెను. తల్లి మాత్రము తగవు తీర్చి, కుమారుని మరల పనికి పంపజూచెను. ఆ సంగతిని డికెన్సు జన్మలో మరువలేదు. నాటినుండి ఆ యింటిలో కార్ఖానా ప్రసక్తి రాలేదు. తల్లిదండ్రులు ఆ మాట ఎత్తలేదు, కుమారుడును ఎత్తలేదు.

మరల కొంతకాలము బడికి పోయి, 1827లో వకీలు కచేరీలో చిన్న గుమాస్తాయై, సంక్షిప్తలిపి నేర్చి, పార్లమెంటు చర్చలను వ్రాయు విలేఖరిగ డికెన్సు పేరుపొందెను. 1836లో ప్రారంభమై నెలకొక భాగముగ వెలువడిన పిక్విక్ పేపర్స్ ఆయన జాతకమును మార్చెను. తొలుత కొలదిగ అమ్ముడుపోయిన ఆ భాగములు ముగియునాటికి నెలకు 40,000 ప్రతులకు చేరెను. అప్పటికి రచయిత వయస్సు 25 సంవత్సరములు. తరువాత ఆలివర్ ట్విస్ట్ మొదలగు నవలలు వెంటవెంట వచ్చెను. 1843 డిసెంబరులో ప్రకటించిన క్రిస్మస్ కారల్ కథ తొలి ముద్రణ 6,000 ప్రతులును పండుగ నాటికే చెల్లిపోయెను. 1850లో ఆయన స్థాపించిన వారపత్రిక పేరే ఇంటింటి మాటలు అను నర్థము గలది. డికెన్సు అనగానే దీపము వెలుగుచున్న ఇల్లు, దయగల గృహస్థు, నవ్వుచున్న పిల్లలు జనుల మనస్సున మెదలుచుండిరి.

ఇది వట్టి వేషము కాదు. దిక్కులేని స్త్రీల కొరకు ఆంజెలా బర్డెట్ కూట్స్ అను ధనికురాలు 1847లో ప్రారంభించిన ఆశ్రమమును డికెన్సు పదియేండ్లపాటు స్వయముగ పర్యవేక్షించెను. మాంచెస్టరు నగరము స్థాపించిన ఉచిత గ్రంథాలయపు ప్రారంభ సభలో 1852 సెప్టెంబరు 2వ తేదీన పాల్గొని, శ్రామికులకు గ్రంథములు అందుబాటులోనికి వచ్చుటను హర్షించుచు ప్రసంగించెను. తన పుస్తకములను తాకట్టు పోగొట్టుకొన్న బాలుని మనస్సే ఆ సభలో మాటలాడెనని సభికులెవ్వరికిని తెలియదు.

ఆ రహస్యము ఒక్కనికి మాత్రము తెలిసెను. 1847 ప్రాంతమున, డికెన్సును చిన్నతనమున కార్ఖానాలో చూచిన పెద్దమనిషి యొకడు ఆ మాటను స్నేహితుడైన జాన్ ఫార్‌స్టర్ చెవిని వేసెను. ఫార్‌స్టర్ అడిగినపుడు డికెన్సు కొంతసేపు మౌనము వహించెను. పిమ్మట తన బాల్యమును కాగితముపై వ్రాసి ఆయన చేతిలో పెట్టెను. దానిని ఆత్మకథగ ప్రకటించుటకు మనసొప్పక, 1849, 50 సంవత్సరములలో వెలువడిన డేవిడ్ కాపర్‌ఫీల్డ్ నవలలో మరియొక బాలుని కథగ మలచెను. లోకమంతయు ఆ బాలునికై కంటతడి పెట్టెను. ఆ బాలుడు రచయితయే యని యెరుగదు. దాచిన గాయము ఇచ్చట ఎవ్వరికిని హాని చేయలేదు. బాధపడు బిడ్డల పక్షమున ఒక మహాశక్తిగ మారెను.

రెండవ రహస్యము కథ వేరు. 1836లో డికెన్సు క్యాథరిన్ హోగర్త్‌ను వివాహమాడెను. 1837 మొదలు 1852 వరకు ఆమె పదిమంది బిడ్డలను కనెను. పసితనముననే యొక కుమార్తె మరణించెను. వరుస కాన్పులతో ఆమె శరీరము అలసెను. 1842 నుండి చెల్లెలు జార్జినా ఆ యింటనే యుండి, క్రమముగ గృహభారము వహించెను. భర్త కీర్తి పెరిగినకొలది భార్య ఆ యింటిలో మూలకు ఒదిగిపోయెను. 1857 ఆగస్టులో డికెన్సు మాంచెస్టరులో ఒక నాటకము ప్రదర్శించుచు, వృత్తి నటీమణులను పిలిపించెను. వారిలో ఎలెన్ టెర్నన్ అను 18 యేండ్ల యువతి యుండెను. ఆయనకు అప్పటికి 45. ఆ శరత్కాలముననే, తన గదికిని భార్య గదికిని నడుమనున్న ద్వారమును మూసివేయుమని డికెన్సు పనివాండ్రకు ఉత్తరువిచ్చెను.

1858 మేలో దంపతులు విడిపోయిరి. క్యాథరిన్‌కు సాలుకు 600 పౌనుల భరణమును, వేరింటి కాపురమును ఏర్పడెను. పెద్దకుమారుడు తల్లితో వెళ్లెను. తక్కిన బిడ్డలు తండ్రి యింట నిలిచిరి. నాటి న్యాయము ప్రకారము బిడ్డలపై హక్కు తండ్రిదే. జార్జినా సైతము బావ పక్షమున నిలిచెను. ఊరిలో వదంతులు లేచెను. డికెన్సు మౌనముగ నుండినచో అవి అణగిపోయెడివేమో. తన కీర్తికి మచ్చ తగులునను భయముతో జూనులో టైమ్స్ పత్రికయందును, తన వారపత్రికయందును ఒక ప్రకటన ముద్రింపజేసెను. సంసారపు చిక్కును గూర్చి యేమియు తెలియని వేలకొలది పాఠకులు ఆ ప్రకటన వలననే తెలిసికొనిరి. దానిని పంచ్ పత్రికలో ముద్రింపని ప్రకాశకులతో ఆయన తెగతెంపులు చేసికొని, తన పత్రికనే మూసి వేరొకటి ప్రారంభించెను.

అంతటితో ఆగలేదు. భార్య మనస్సు స్వస్థముగ లేదనియు, బిడ్డలపై ఆమెకు మక్కువ లేదనియు సూచించుచు ఆయన వ్రాసిన లేఖ ఆగస్టులో అమెరికా పత్రికకెక్కెను. ఆమెను పిచ్చాసుపత్రిలో చేర్పింప ప్రయత్నించెనని క్యాథరిన్ తన చివరి దినములలో పొరుగున నుండిన ఒక పాత్రికేయునితో చెప్పుకొనెను. ఆ సంగతి తెలుపు లేఖలు 2019లో వెలుగులోనికి వచ్చెను. చెరసాలలో, అనాథాశ్రమములలో నోరులేని వారి తరఫున కలమెత్తిన మహారచయిత, తన యింటిలో నోరులేని దానిపైననే ఆ కలమును ఎత్తెను. క్యాథరిన్ మాత్రము పత్రికలకు ఒక్క మాట వ్రాయలేదు.

తరువాతి పండ్రెండేండ్లు డికెన్సు రెండు బ్రదుకులు బ్రదికెను. ఒకవైపు, వేదికపై తన రచనలను తానే చదువుట. 1858 నుండి సొంత రాబడి కొరకు ఆయన చేసిన పఠనములు నాలుగు వందలకు మించును. జనులు రాత్రి వేళనుండియే టిక్కెట్లకై బారులు తీరిరి. మరియొకవైపు, మారుపేరున అద్దెకు తీసికొనిన ఇండ్లు, ఎలెన్‌ను చూచుటకు రహస్య ప్రయాణములు. బాల్యమున కలగన్న గాడ్స్‌హిల్ భవనమును 1856లోనే కొనియుండెను. 1860 సెప్టెంబరులో ఆ యింటి వెనుక పొలమున, ఇరువది యేండ్లుగ తనకు వచ్చిన ఉత్తరములన్నిటిని కుప్పవేసి కాల్చెను.

1865 జూన్ 9వ తేదీన స్టేపుల్‌హర్స్ట్ వద్ద రైలు వంతెన పైనుండి పడి పదిమంది మరణించిరి. డికెన్సు ఆ రైలులో నుండెను. ఆయన గాయపడినవారికి తన టోపీతో నీరు తెచ్చి పోసెను. ప్రాణములకు తెగించి సేవచేసెను. అయినను విచారణ సభకు సాక్షిగ పోకుండ తప్పించుకొనెను. ఏలయనగా ఎలెన్‌యు, ఆమె తల్లియు ఆ పెట్టెలోనే ఆయనతో నుండిరి. 1867లో అమెరికా వెళ్లునపుడు, ఎలెన్ రావచ్చునో రాకూడదో తెలుపుటకు తంతివార్తలో సంకేతపు మాటలు ఏర్పరచుకొనెను. రాకూడదను సంకేతమే వెళ్లెను. ఆ పర్యటనలో ఆయన దాదాపు 19,000 పౌనులు ఆర్జించెను, ఆరోగ్యమును పోగొట్టుకొనెను.

బిడ్డల విషయమునను పుస్తకములలోని తండ్రికిని ఇంటిలోని తండ్రికిని పోలిక తక్కువ. కుమారులను చిన్న వయస్సుననే దూరదేశములకు పంపెను. వాల్టరు అను కుమారుడు పదునారేండ్ల ప్రాయమున సైనికుడై హిందూదేశమునకు వచ్చి, అప్పులపాలై, 1863 డిసెంబరు 31వ తేదీన కలకత్తాలో 22వ యేట మరణించెను. ఆ వార్త తండ్రికి 1864 ఫిబ్రవరి 7వ తేదీన, తన జన్మదినముననే అందెను.

1869 క్రిస్మస్ నాడు గాడ్స్‌హిల్‌లో కుటుంబము జ్ఞాపకశక్తి ఆట నాడుచుండెను. ఒకరు చెప్పిన మాటలన్నిటిని తిరిగి చెప్పి, చివర తన మాట నొకటి చేర్చుట ఆ ఆట. తన వంతు వచ్చినపుడు డికెన్సు ఆ పాత బూటుపాలిషు కంపెనీ పేరును, అది యుండిన వీధి పేరును చేర్చెను. తండ్రి కంఠము ఏలనో మారినట్లు కుమారుడు హెన్రీ గమనించెను గాని, ఆ మాటల యర్థము అక్కడివారెవ్వరికిని తెలియలేదు. నలుబది యైదేండ్ల రహస్యమును ఆయన బిడ్డల యెదుట అంతవరకే పలికెను.

1870 జూన్ 9వ తేదీన, రైలు ప్రమాదము జరిగిన సరిగ అయిదేండ్లకు, డికెన్సు గాడ్స్‌హిల్‌లో మరణించెను. ఆడంబరము లేని అంత్యక్రియలు కోరినను, ఆయనను వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేసిరి. ఆయన మరణశాసనమున పేర్కొనిన మొదటి దానము ఎలెన్‌కు 1,000 పౌనులు. ఫార్‌స్టర్ 1872లో ప్రకటించిన జీవితచరిత్ర వలన కార్ఖానా సంగతి లోకమునకు, సొంత బిడ్డలకు సైతము, తెలిసెను. ఎలెన్ సంగతి 1934 తరువాతనే బయటపడెను. కుమార్తె కేటు చెప్పిన విషయములు 1939లో గ్రంథరూపమున వచ్చెను. 1879లో మరణించుటకు ముందు క్యాథరిన్, భర్త తనకు వ్రాసిన లేఖలను ఈ కేటు చేతిలో పెట్టి, ఒకప్పుడు ఆయన తనను ప్రేమించెనని లోకమునకు తెలియునట్లు బ్రిటిష్ మ్యూజియమునకు ఇమ్మని కోరెను. భర్త లేఖలు కాల్చి తన పేరును కాపాడుకొనెను. భార్య లేఖలు దాచి తన గౌరవమును కాపాడుకొనెను.

ఈ సత్యములు తెలిసినంతమాత్రమున ఆయన నవలలను అటుక కెక్కించుట తగదు. బాలకార్మికుల దుఃఖమును, చెరసాలల చీకటిని, పేదల బడుల దుస్థితిని అంత బలముగ లోకమునకు చూపినవారు అరుదు. ఆ మేలు మేలే. అయితే గ్రంథము గొప్పదైనందున గ్రంథకర్త నిర్దోషి యనుకొనుట పాఠకుల పొరపాటు. ఆ పొరపాటునకు భయపడి దానిని నిలుపుకొనుటకై దుర్బలురాలిని బలిచేయుట డికెన్సు పొరపాటు. కీర్తిమంతుని పూజించు జనులు తెలియకయే ఆయన చేత వేషము వేయింతురు. ఆ వేషపు బరువును మోయువారు తరచుగ ఇంటిలోనివారే. డికెన్సు పుస్తకము చేతబట్టు పాఠకుడు, జాడీలకు చీటీలంటించిన బాలుని తలచుకొనవలెను. మూసిన తలుపు కావల మిగిలిన క్యాథరిన్‌ను కూడ తలచుకొనవలెను. అప్పుడే ఆ రచనలు బోధించిన దయకు సార్థకత కలుగును.