విత్తనాలు పోగేసి.. ఆకలితో పోయిన మనిషి

పొదిలి నుంచి మర్రిపూడి వైపు ఎప్పుడైనా బండి మీద వెళ్లారా? వాన మొహం చాటేసిన ఏడాది ఓ మొక్కజొన్న చేను దగ్గర ఆగి చూడండి. ఒక రకం మధ్యాహ్నానికే ఆకులు చుట్టేసుకుంటుంది. పక్క చేలోని ఇంకో రకం మాత్రం కాస్త ఓర్చుకుంటుంది. దానికి ఒక కారణం మట్టి లోపల ఉంటుంది. వేరు ఎంత లోతుకి దిగింది, ఏ వాలులో దిగింది అన్నది కొంత నేల వల్ల, కొంత జన్యువుల వల్ల తేలుతుంది.

పంటల్లోని ఇలాంటి తేడాల కోసమే దేశాలు పట్టుకు తిరిగిన మనిషి నికొలాయ్ వావిలోవ్. 1887లో మాస్కోలో పుట్టారు. వ్యవసాయం చదివి, 1913లో ఇంగ్లండ్ వెళ్లి విలియం బేట్సన్ దగ్గర జన్యుశాస్త్రం నేర్చుకున్నారు. 1917లో వోల్గా ఒడ్డున ఉన్న సరతోవ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. ఆ ప్రాంతానికి కరవు కొత్త కాదు. 1921లో వచ్చిన కరవైతే లక్షల మందిని మింగేసింది.

ఆయన ఆలోచన సూటిగా ఉంటుంది. కరవును తట్టుకునే గుణాన్ని శూన్యంలోంచి తయారుచేయలేం. అది ఎక్కడో ఏ రైతు గాదెలోనో ఉండాలి, మనం వెతికి తెచ్చుకోవాలి. మరి ఎక్కడ వెతకాలి? ఒక పంట పుట్టి, ఎక్కువ రకాలుగా చీలిన చోట. అందుకే అఫ్గానిస్థాన్, ఇథియోపియా కొండలు ఎక్కారు. 1930లో మెక్సికో వెళ్లారు. మొక్కజొన్న పుట్టిల్లు అదే. దాని అడవి చుట్టం టియోసింటే ఇప్పటికీ అక్కడ పెరుగుతుంది. 1940 నాటికి లెనిన్‌గ్రాడ్‌లోని ఆయన సంస్థలో సుమారు రెండున్నర లక్షల నమూనాలు చేరాయి. మన టెక్ భాషలో అయితే పంటలన్నిటికీ బ్యాకప్ సర్వర్ అన్నమాట.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. పైరును పెంచే తీరు మార్చేస్తే దాని వంశగుణమే మారిపోతుందని ట్రోఫిమ్ లైసెంకో ప్రచారం మొదలెట్టాడు. తొలినాళ్లలో అతన్ని ప్రోత్సహించిన వాళ్లలో వావిలోవ్ కూడా ఒకరు. (పెద్ద పొరపాటే అనాలి.) తర్వాత గట్టిగా ఎదిరించారు, కానీ స్టాలిన్ అండ లైసెంకోకే ఉంది. 1940 ఆగస్టులో ఉక్రెయిన్‌లో మొక్కలు సేకరిస్తుండగానే వావిలోవ్‌ని అరెస్టు చేశారు. మరణశిక్ష వేసి, దాన్ని ఇరవై ఏళ్ల జైలుగా మార్చారు. 1943 జనవరి 26న సరతోవ్ జైల్లోనే పోయారు. తిండి లేక చిక్కి శల్యమై. ఒకప్పుడు పాఠాలు చెప్పిన ఊరే అది.

అదే సమయంలో లెనిన్‌గ్రాడ్‌ను జర్మన్ సైన్యం చుట్టుముట్టింది. సంస్థ గదుల నిండా గింజలే, పనిచేసే వాళ్ల కడుపులు మాత్రం ఖాళీ. అయినా ముట్టుకోలేదు. వేరుశనగ చూసే అలెగ్జాండర్ షుకిన్, వరి చూసే ద్మిత్రి ఇవనోవ్ ఆకలితోనే చనిపోయారు. వావిలోవ్ నిర్దోషి అని ప్రభుత్వం ఒప్పుకున్నది 1955లో.

ఆయన నమ్మిన పని మనకి దగ్గర్లోనే నడుస్తోంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ రకాల జన్యుబ్యాంకు ఉంది. మొక్కజొన్న మీద పనిచేసే సిమిట్ ఆసియా విభాగం కూడా ఆ ఆవరణలోనే ఉంది. పొడవాటి పీవీసీ గొట్టాల్లో మట్టి నింపి, పైరు పెంచి, తూకం వేస్తూ ఏ మొక్క ఎప్పుడు ఎంత నీరు తాగిందో ఇక్రిశాట్ వాళ్లు లెక్కగడతారు. అమెరికాలో జొనాథన్ లించ్ బృందం మొక్కజొన్న వేళ్లను తవ్వి తీసి కొలిచింది. కణుపు వేళ్లు తక్కువున్న రకాలు లోతుకి దిగి, ఎండిన నేలలో మెరుగ్గా నిలిచాయని తేలింది. అయితే మన వైపు చేలల్లో రెండడుగులకే రాయి తగిలితే లోతు వేరు ఏం చేస్తుంది? అది ఇక్కడి నేలలోనే వేసి చూడాల్సిన లెక్క.

ఈ పనికి అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్లే కావాలనేం లేదు. వేలకొద్దీ వేళ్ల ఫొటోల్లోంచి కోణం, పొడవు, మందం కొలవాలంటే కోడ్ రాసేవాళ్లు కావాలి. మీరు బీటెక్‌లో ఇమేజ్ ప్రాసెసింగ్ చదివుంటే, ఫైనలియర్ ప్రాజెక్టుకి మళ్లీ ఆ నంబర్ ప్లేట్లే ఎందుకు? ఈసారి ఊరెళ్లినప్పుడు చేలోంచి నాలుగు మొక్కలు పెకలించి, వేళ్లు కడిగి, నల్లగుడ్డ మీద పెట్టి ఫొటోలు తీసుకురండి.