పిందె నుంచి పండు దాకా: బ్రౌన్ దొర

మేముండే సల్వాలో ఎండలు ముదిరే కొద్దీ ఖర్జూరపు గెలల రంగు మారుతూ ఉంటుంది. గట్టిగా, పసుపు పచ్చగా ఉన్న కాయను అరబ్బులు ఖలాల్ అంటారు. మెత్తబడి తీపెక్కితే అది రుతబ్. ఎండి నిలవకు పనికొస్తే తమర్. మన మామిడికీ అంతే కదా! పిందె, కాయ, దోరకాయ, పండు.

అసలు ఎదుగుదలకు మన భాషలో ఎన్ని మాటలో చూడండి. మొక్క మారాకు వేస్తుంది. పిల్లవాడు ఎదుగుతాడు. అప్పు పెరుగుతుంది. బెండకాయ ముదురుతుంది. చేను పండుతుంది, గోరింట పండుతుంది, వయసు మీదపడితే తల కూడా పండుతుంది. కోసిన మామిడికాయ గడ్డిలో మాగుతుంది. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలు వీటిలో సగం చోట్ల 'మెచ్యూర్' అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నారు. ఇలాంటి మాటలను ఏరి, అర్థం రాసి, మనకు నిఘంటువుగా ఇచ్చిపోయిన మనిషి తెలుగువాడు కాదు. ఆయనే ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన జీవితం కూడా పిందె నుంచి పండు దాకా నడిచిన కథే.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు. 1812లో తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండు చేరింది. కుర్రవాడు హెయిలీబరీ కళాశాలలో కంపెనీ ఉద్యోగానికి చదివి, 1817లో మద్రాసులో ఓడ దిగాడు. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. అది పిందె దశ.

1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చాడు. కచేరీలో అర్జీలు వినడానికీ రైతులతో మాట్లాడడానికీ తెలుగు కావాలి. చాలామంది దొరలు ఆ అవసరం తీరగానే ఆగిపోయారు. బ్రౌన్ ఆగలేదు. వేమన పద్యాల సంగతి తెలిశాక వాటి వెంట పడ్డాడు. ఊరూరి నుంచి ప్రతులు తెప్పించి, పోల్చి చూసి, ఇంగ్లీషులోకి అనువదించి 1829లో అచ్చు వేయించాడు. కాయ దోరకు వచ్చింది.

కడపలో తన బంగళాలోనే పండితులను కూర్చోబెట్టి, సొంత డబ్బుతో జీతాలిచ్చి తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఒకే కావ్యానికి పది ఊళ్ళలో పది రకాల ప్రతులుంటే ఏది సరైనదో తేల్చడం ఎంత కష్టమో, ఒకే ప్రోగ్రాముకు పది వెర్షన్లు చూసుకునే మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు బాగా తెలుసు. జూలూరి అప్పయ్య వంటి పండితుల శ్రమ లేనిదే ఆ పని సాగేది కాదు. బ్రౌన్‌తో పాటు వారినీ తలుచుకోవడం న్యాయం.

మాట విలువ ఆయన పుస్తకాల్లోనే నేర్చుకోలేదు. 1832-33లో గుంటూరు సీమను కరువు పీడించినప్పుడు తోటి అధికారులు ధాన్యం కొరత అంటూ మెత్తని మాటలు రాస్తే, ఆయన కరువును కరువనే రాశాడు. 1834లో ఉద్యోగం పోయింది. లండన్ వెళ్ళినా ఊరికే కూర్చోలేదు. అక్కడ కంపెనీ గ్రంథాలయంలో మూలపడి ఉన్న తెలుగు ప్రతులను మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశాడు. తరువాత మళ్ళీ కంపెనీ కొలువులో చేరి మద్రాసు వచ్చాడు. 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు వెలువడ్డాయి. కడపలో అడుగుపెట్టిన ముప్పై రెండేళ్ళకు పండిన పంట అది! కావ్యాల మాటల పక్కనే జనం నోటి మాటలకూ అందులో పీట వేశాడు.

1855లో ఇంగ్లండు తిరిగి వెళ్ళాక లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు.

చెట్టున పండడం వేరు, కోసిన కాయ మాగడం వేరు. మన పిల్లలు చెట్టుకు దూరమైన కాయలే. అయితే మాగడానికి దూరం అడ్డు కాదు. గడ్డి, వెచ్చదనం, కొంత ఓపిక ఉంటే చాలు. ఇంట్లో వినిపించే తెలుగే ఆ గడ్డి. అసలు ఆ చెట్టున కాయని బ్రౌనే అంత తియ్యగా పండగా లేనిది, మన పిల్లలకేం తక్కువ?

కువైట్‌లోని తెలుగువారిలో పాత కడప జిల్లావారు చాలామంది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల బ్రౌన్ బంగళా ఉన్న చోటనే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తోంది. ఈసారి సెలవులకు ఊరెళ్ళినప్పుడు, పిల్లలను ఒక్క పూట అక్కడికి తీసుకెళ్ళండి. నిఘంటువు తెరిచి 'పండు' అన్న మాట వాళ్ళ చేతనే వెతికించండి.