ఘనత తనది కాదన్న హాస్కెల్ కరీ

మన తెల్లాపూర్ ప్రాంతంలో కంప్యూటరు ఉద్యోగాలు చేసే పిల్లల నోట ‘కరీయింగ్’ అనే మాట వినిపిస్తే వంటకం అనుకోకండి. అది హాస్కెల్ కరీ గారి పేరు మీద వచ్చినది.

వీరు 1900 సెప్టెంబరు 12న అమెరికాలోని మిల్లిస్‌లో జన్మించారు. వైద్యం చదవాలని హార్వర్డులో చేరి, గణితం వైపు మళ్లి 1920లో పట్టభద్రులయ్యారు. 1927లో ప్రిన్స్‌టన్‌లో ఉండగా, తాము ఆలోచిస్తున్న దారిలోనే మోసెస్ షోన్‌ఫింకెల్ 1924లో ఒక వ్యాసం ప్రచురించినట్లు తెలిసింది. నిరుత్సాహపడక జర్మనీలోని గోటింగెన్ వెళ్లి, ఆ విషయంపైనే 1930లో డాక్టరేటు పొందారు.

ఆ పద్ధతి మన రెడీ రెకనర్ వంటిదే. కరువు భత్యం శాతం ఇస్తే ముందు ఒక పట్టిక చేతికొస్తుంది. దానికి మూలవేతనం చెబితే మొత్తం తేలుతుంది. ఒక ఫంక్షను మరొక ఫంక్షనును తయారుచేసి ఇవ్వడమంటే ఇదే.

కరీ గారు పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో 1966 వరకు, తరువాత ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ పనిచేసి, 1982 సెప్టెంబరు 1న కన్నుమూశారు. షోన్‌ఫింకెల్ మాస్కోలో పేదరికంలో మరణించారు. పేరు కరీ గారికే స్థిరపడినా, ఆ ఆలోచన షోన్‌ఫింకెల్‌దని వారు తమ రచనల్లో నమోదు చేశారు.

నోటు రాసినవారొకరు, పేరొచ్చేది మరొకరికి అన్న సంగతి ఎరిగిన మనకు ఆ నిజాయితీ విలువ తెలుసు.