వదిన కాని అక్కయ్య

మన ఇళ్ళల్లో అన్నయ్య భార్యను ఏమని పిలుస్తాం? వదిన అంటాం. కానీ ఈ వరసకు లొంగని జంట ఒకటి మన తెలుగునాట ఉండేది. భర్తేమో పిల్లలందరికీ అన్నయ్య, భార్యేమో అక్కయ్య! న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే పాత తరం వాళ్ళకు చప్పున గుర్తొస్తారు.

మాది బోనకల్. విజయవాడ నుంచి కాజీపేట వెళ్ళే రైలు మధిర దాటాక మా ఊరొస్తుంది. నా చిన్నప్పుడు, అంటే 1970లలో, ఆదివారం మధ్యాహ్నం బాలానందం వినడానికి రేడియో ముందు చేరేవాళ్ళం. అప్పుడు హైదరాబాద్ కేంద్రంలో పిల్లల కార్యక్రమాలు చూసిన తురగా జానకీరాణి గారిని కూడా రేడియో అక్కయ్య అనే పిలిచేవారు. అక్కయ్య అంటే ఆవిడే అనుకునేదాన్ని. కాదే, అంతకు ముందు అసలు అక్కయ్య ఒకావిడ ఉండేదని చెప్పింది మా అమ్మ.

అమ్మ పుట్టిల్లు నందిగామ దగ్గర పల్లెటూరు. ఆ రోజుల్లో మా బోనకల్ నైజాం రాజ్యం, వాళ్ళ ఊరు మద్రాసు రాష్ట్రం. ఊరందరికీ కరణంగారింట్లో బ్యాటరీతో నడిచే రేడియో ఒక్కటే ఉండేదట. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో గానీ రాలేదు. అంతకు ముందు వాళ్ళ ఊళ్ళో తెలుగు వినాలంటే 1938లో మొదలైన మద్రాసు కేంద్రమే దిక్కు. అమ్మ కరణంగారి వరండాలో గుంజకానుకుని నిలబడి వినేది. రేడియోలో తన ఈడు పిల్లలు పాడుతున్నారు, పద్యాలు చదువుతున్నారు, నాటకాలాడుతున్నారు! పెద్దవాళ్ళంతా కిమ్మనకుండా కూర్చుని వింటున్నారు. పిల్లలు మాట్లాడితే పెద్దలు వినడమనే వింత తను మొదటిసారి చూసింది అక్కడేనని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ వింత వెనక ఉన్న మనిషే కామేశ్వరి గారు. 1908లో విజయనగరంలో పుట్టారు. ఆడపిల్లకు ఉత్తరం రాయడం వస్తే చాలుననుకునే కాలంలో చదువుకున్నారు. ఆవిడ చెయ్యి పట్టుకున్న రాఘవరావు గారిది బరంపురం. ఆయన 1905లో పుట్టారు. ఇద్దరూ మద్రాసు చేరి, రేడియోలో పిల్లల కోసం ఆటవిడుపు, బాలానందం కార్యక్రమాలు నడిపారు. 1940లో బాలానంద సంఘం పెట్టారు.

ఇప్పుడంటే రికార్డు చేసుకుని తప్పులు కత్తిరించుకుంటున్నారు. అప్పట్లో రేడియో కార్యక్రమాలు చాలావరకు నేరుగా ప్రసారమైపోయేవి. ఎవడైనా మధ్యలో మాట మరిచిపోతే, ఒకమ్మాయికి నవ్వొస్తే, అది ఊరూరా వినపడేదే! అలాంటి చోట గుప్పెడుమంది పిల్లల్ని మైకు ముందు నిలబెట్టడమంటే మాటలా? ఇంట్లో ఇద్దరు పిల్లలతో అన్నం తినిపించడానికే మనకు తల ప్రాణం తోకకొస్తుంది. పైగా పిల్లల తరఫున పెద్దవాళ్ళే మాట్లాడేస్తే పని సులువు. ఆ సులువు దారి వాళ్ళకొద్దనిపించింది.

1945 ఆగస్టులో ‘బాల’ మాసపత్రిక మొదలుపెట్టారు. చందమామ రావడానికి ఇంకా రెండేళ్ళుంది. బాలలో పిల్లలు రాసినవీ, గీసినవీ వేసేవారు. అలా వచ్చిన పిల్లల్లో ఇద్దరి సంగతి చెప్తాను. ముళ్ళపూడి వెంకటరమణ మొదటి కథ అందులోనే అచ్చయింది. బాపు తొలి బొమ్మలు వచ్చిందీ బాలలోనే. పత్రిక మొదలైన ఆ ఏడాది రమణకు పద్నాలుగేళ్ళు, బాపుకు ఇంకా పన్నెండు నిండలేదు. ఏ మహా చిత్రకారుణ్ణో, మహా రచయితనో పట్టుకుందామని చూసి ఉంటే ఈ ఇద్దరూ దొరికేవారా? పత్రిక 1959 దాకా నడిచింది. ఈలోగా 1954లో కె.ఎస్. ప్రకాశరావు గారు ‘బాలానందం’ పేరుతోనే పిల్లల సినిమా తీశారు. అందులో వేషాలన్నీ పిల్లలవే.

ఇంకో విశేషం. ‘బాల’ వచ్చిన 1945లోనే దూరాన స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ అనే తల్లి రాసిన పిప్పి కథలు పుస్తకమయ్యాయి. ఆవిడ మన అక్కయ్య కంటే ఒక్క ఏడాది పెద్ద. జబ్బుతో మంచం మీదున్న కూతురి కోసం అల్లిన కథలవి. పెద్దల అజమాయిషీ లేకుండా ఒంటరిగా ఉంటూ, గుర్రాన్ని అమాంతం ఎత్తేసే తొమ్మిదేళ్ళ పిల్ల కథ. మొదట ఒక ప్రచురణ సంస్థ వద్దని తిప్పి పంపింది కూడా. పిల్లల్ని కొట్టకూడదని ఆవిడ 1978లో జర్మనీలో ఒక పెద్ద సభలో గట్టిగా చెప్పారు. మరుసటి ఏడాదే స్వీడన్‌లో ఇంట్లో కూడా పిల్లల్ని కొట్టరాదని చట్టం వచ్చింది. ప్రపంచంలో అదే మొదటిది. బళ్ళో కొట్టకూడదని మన విద్యాహక్కు చట్టం చెప్పింది 2009లో. ఒకరి మాట ఇంకొకరికి చేరిందని నేననడం లేదు. పిల్లలకూ ఒక మనసుంది, దాన్ని వినాలన్న సంగతి ఎక్కడో మంచుదేశంలో ఒక తల్లికీ, మద్రాసులో మన విజయనగరం ఆడపడుచుకీ ఒకే కాలంలో తోచింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ దంపతులు హైదరాబాదు వచ్చి అక్కడా బాలానంద సంఘాన్ని నడిపారు. అక్కయ్య 1980 నవంబరు 23న కన్నుమూశారు. అన్నయ్య 1984 ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఎవరైనా తలుచుకుంటే అన్నయ్య పేరే ముందొస్తుంది, వెనక అక్కయ్య పేరు చేరుస్తారు. ఆ పిల్లలకు మాత్రం ఆవిడ భర్త తరఫున వచ్చిన చుట్టం కాదు. నేరుగా తమ అక్కయ్యే. ఆ వరస ఆవిడ సొంతంగా సంపాదించుకున్నది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో కూడా చెప్పాలి. మొన్న సెలవులకు రెండో తరగతి చదివే మా మనవరాలొచ్చింది. ఎవరైనా పేరడిగితే చాలు, నా కొంగు వెనక దాక్కుంటుంది. ఈ పిల్లకింత పిరికితనం ఎక్కడిదని విసుక్కున్నాను. మా అమ్మాయి ఏమీ అనలేదు, నా వంక చూసింది. ఆ చూపుతో నాకు పాత సంగతి తగిలింది. దానికి ఎనిమిదేళ్ళప్పుడు బళ్ళో నాటకంలో కుందేలు వేషమిచ్చారు. ఇంటికి చుట్టాలొస్తున్నారని, పనిలో సాయముండాలని నేను పంపలేదు. వారంపాటు మాటలన్నీ బట్టీ పట్టుకున్న పిల్ల కిక్కురుమనకుండా నీళ్ళ గ్లాసులు అందించింది. మళ్ళీ ఎప్పుడూ ఏ వేషమూ అడగలేదు. బాలానందం వింటూ పెరిగినదాన్ని, కరణంగారి గుంజకానుకుని నిలబడిన తల్లి కడుపున పుట్టినదాన్ని, నేను చేసిన పని అది.

ఆ ఆదివారం మధ్యాహ్నం టీవీ కట్టేశాను. ఫోన్లు పక్కన పెట్టించాను. స్టీలు గ్లాసు ఒకటి మనవరాలి చేతికిచ్చి ఇది మైకని చెప్పాను. చాలాసేపు దిక్కులు చూసింది. తర్వాత వాళ్ళ వీధిలో కుక్కపిల్ల కథ మొదలుపెట్టింది. కథకు తలా తోకా లేదు. మధ్యలో రెండుసార్లు సరిదిద్దబోయి నోరు నొక్కుకున్నాను. అయిపోయాక గ్లాసు తీసుకెళ్ళి వాళ్ళమ్మకిచ్చింది, ఇప్పుడు నీ వంతని. మా అమ్మాయి గ్లాసు పట్టుకుని కాసేపు ఊరుకుంది. ఆనక మెల్లిగా, ముప్ఫై ఏళ్ళనాటి కుందేలు మాటలు ఒక్కటీ తప్పకుండా అప్పజెప్పింది.