అశోకుడు తప్పు ఎవరి మీద వేశాడు?



మతం పేరుతో ఎక్కడైనా రక్తం పారితే రెండు మాటలు వింటాం. అసలు జబ్బు మతమే అంటారు కొందరు. మతం మంచిదే, మనుషులే చెడ్డవాళ్ళు అంటారు ఇంకొందరు. మనమేమీ తక్కువ కాదు. బౌద్ధులు చేసిన హింస గురించి ఎవరైనా అడిగితే, వాళ్ళు అసలు బౌద్ధులే కారని చెప్పి తప్పుకుంటాం. అలా తప్పుకునే ముందు అశోకుడి జీవితం ఒక్కసారి చూడండి.

ఆయన చంద్రగుప్త మౌర్యుడి మనవడు, బిందుసారుడి కొడుకు. పట్టాభిషేకం సుమారు క్రీ.పూ. 268లో జరిగింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు కళింగను జయించాడు. లక్ష మంది యుద్ధంలో చచ్చారు. లక్షా యాభై వేల మందిని ఊళ్ళనుంచి తరిమి పట్టుకుపోయారు. అంతకు ఎన్నో రెట్లు ఆ తర్వాత చనిపోయారు. ఈ లెక్క శత్రువు రాసింది కాదు, అశోకుడే బండల మీద చెక్కించాడు. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర ఆ శాసనాలు మన నేల మీదే ఉన్నాయి.

అందులో ఆయన తప్పును దేవుడి మీదకో, చచ్చినవాళ్ళ కర్మ మీదకో, సైన్యం మీదకో నెట్టలేదు. జయించింది తానేనని, అందుకు బాధపడుతున్నానని ఒప్పుకున్నాడు.

అయితే ధమ్మంలోకి వచ్చాక అంతా కడిగినట్టు పోయిందా? లేదు. కళింగను తిరిగి ఇవ్వలేదు. పశ్చాత్తాపం చెప్పిన ఆ శాసనాన్ని కళింగలోని ధౌలి, జౌగడల్లో చెక్కించనే లేదు. అడవి జాతులకు హెచ్చరిక మానలేదు. మరణశిక్ష రద్దు చేయలేదు, శిక్ష పడినవాళ్ళకు మూడు రోజుల గడువు మాత్రం ఇచ్చాడు. ధమ్మం మనిషిని మార్చింది, కానీ ఒక్క రాత్రిలో కాదు, పూర్తిగానూ కాదు.

ఇంకో సంగతి. గయ దగ్గర బరాబర్ కొండల్లో ఆజీవకులకు గుహలు దానం చేసిన రాజు ఈయనే. తన మతాన్ని పొగుడుకుని ఇతరులను తిట్టేవాడు తన మతానికే చేటు చేస్తాడని, నాలుక అదుపులో పెట్టుకోమని 12వ శాసనంలో చెప్పిందీ ఈయనే. కానీ కొన్ని శతాబ్దాల తర్వాత వచ్చిన అశోకావదానం ఏం చెబుతుందో తెలుసా? బుద్ధుణ్ణి అవమానించే బొమ్మ గీశారని, అశోకుడు ఒకే రోజు పద్దెనిమిది వేల మంది ఆజీవకులను చంపించాడట! దీన్ని చరిత్రగా నమ్మనక్కర్లేదు. కానీ ఆ కథ రాసింది పరాయివాళ్ళు కాదు, బౌద్ధులే. రాజు భక్తిని చెప్పే పుస్తకంలో ఊచకోతకు చోటెలా దొరికింది?

కర్మ అంటే చేతన, అంటే మనసులోని సంకల్పం అని బుద్ధుడు బోధించాడు. కాబట్టి కత్తి ఎత్తినవాడి బాధ్యత వాడిదే, మతం దాన్ని మోయదు. కానీ ఆ చెయ్యి లేవడానికి ముందు కథలు చెప్పినవాళ్ళున్నారు, చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు, మౌనంగా ఉన్నవాళ్ళున్నారు. అది మనం చేసే పని.

రేపు మనవాళ్ళే తప్పు చేస్తే, వాళ్ళు మనవాళ్ళు కారని అంటారా? లేక కళింగ గురించి అశోకుడు ఒప్పుకున్నట్టు ఒప్పుకుంటారా? మీ ధమ్మం ఎంతో ఆ రోజు తెలుస్తుంది.