డబ్బా మీది వంటాయన

అమెరికాల కిరాణ దుకాణంలకు పోతే అల్మారల ఒక డబ్బా కనబడ్తది. దాని మీద తెల్ల టోపీ వెట్టుకోని, మీసాలతోని నవ్వుకుంట ఒకాయన ఉంటడు. బోయార్డీ అని పేరుంటది. చాన మంది ఆయనను కంపెనోళ్లు గీయిచ్చిన ఉత్త బొమ్మనే అనుకుంటరు. కాదు. పొయ్యి కాడ చెమటలు గార్చిన అసలు మనిషే. పేరు ఎత్తోరె బొయార్ది.

1897 అక్టోబర్ 22న ఇటలీ ఉత్తరాన పియాచెంజా దిక్కు పుట్టిండు. పదకొండేండ్లకే ఒక హోటల్ల పనికి గుదిరిండు. వంట నేర్సుకునేటోడే గని గరిటె ఎవలు చేతికిస్తరు? ఆలుగడ్డల పొట్టు దీసుడు, చెత్త పారవోసుడు, గంతే. వంటలకు వచ్చిన ఎవల్నడిగినా మొదటి రోజులు గిట్లనే చెప్తరు.

1914 మే 9న లా లొరెయిన్ అనే ఫ్రెంచి ఓడల వచ్చి న్యూయార్క్ కాడి ఎల్లిస్ దీవిల దిగిండు. వయసు పదహారు. అన్న పావొలో అప్పటికే న్యూయార్క్ ప్లాజా హోటల్ల పనిచేస్తుండు. తమ్మున్ని గూడ గాడనే వంటింట్ల పెట్టిచ్చిండు. వలస వోయినోళ్ల కత ఏ దేశంలనైనా గిదే, అయినోడు ఒకడు ముందుగాల పోతెనే ఎనకొచ్చేటోనికి తొవ్వ దొరుకుతది. తర్వాత ఎత్తోరె క్లీవ్‌లాండ్ పట్నం పోయి వింటన్ హోటల్ల పెద్ద వంటమనిషి అయిండు. 1920ల నడుమ సొంతంగ హోటల్ దెరిసిండు. దానికి ఇటలీ తోట అనే అర్థం వచ్చేటట్టు ఇల్ జార్దినో దితాలియా అని పేరు వెట్టిండు.

ఆయన బతుకును మలిపింది గా హోటల్ గూడ గాదు, ఖాళీ పాల సీసాలు. స్పగెట్టి తిన్న గిరాకీలు బిల్లు కట్టి ఊకోలే. ఇంటికాడ చేసుకుంటం, గా టమాట సాసు జరంత పోసియ్యమని అడుగవట్టిన్రు. ఈయన పాల సీసాలల్ల సాసు నింపి, దానితోని ఉడకవెట్టని స్పగెట్టి, చీజు కట్టిచ్చి, ఎట్ల వండాల్నో చెప్పి పంపేటోడు. ఇంకో హోటలాయన అయితే గుట్టు బయటవడ్తదని దాసిపెట్టేటోడే. అడిగేటోళ్లు ఎక్కువైన్రు, పక్కన ఇంకో జాగల సాసు ఉడకవెట్టుడు షురూ అయింది. రోజూ వచ్చే గిరాకీల్ల ఒక జంటకు కిరాణ దుకాణాలుండె. డబ్బాలల్ల ఎట్ల నింపాల్నో, దేశమంత ఎట్ల పంపాల్నో తొవ్వ జూపిచ్చింది వాళ్లే. 1928ల కార్ఖాన లేసింది.

గీడ పేరు పంచాయితి వచ్చింది. అమెరికనోళ్లకు బొయార్ది అని పలుకరాలే. అమ్మేటోళ్లకూ నోరు తిరగలే, కొనేటోళ్లకూ తిరగలే. పేరే చెప్పరాకుంటే దుకాణంల డబ్బా ఎట్ల అడుగుతరు? ఆఖరికి ఆయన తన ఇంటిపేరును బాయ్, ఆర్, డీ అని మూడు ముక్కలు జేసి, ఇంగ్లీషోనికి ఎట్ల వలుకవస్తదో గట్ల డబ్బా మీద రాయిచ్చిండు. ఎత్తోరె కాస్త హెక్టార్ అయిండు. అమెరికా వోయిన మన తెలుగోళ్లు గూడ ఆఫీసులల్ల పేర్లు కురుచ జేసుకుంటున్నరు, గది మనకు తెల్సిందే. గని ఈయన జేసింది జర వేరె. ఇటలీ రాతను ఇడిసిపెట్టిండు గని పలుకుడును ఇడువలే. నా లెక్కన అండ్ల మొండితనం ఉన్నది. తాతల పేరును తెల్లారి పొద్దుగూకి లక్షల మంది నోట్ల వెట్టిండు.

1930ల కరువు కాలంల కొలువులు వోయి జనం పైస పైస లెక్కవెట్టుకుంటుండె. గసోంటప్పుడు ఇంటిల్లిపాది తక్కువ పైసలల్ల కడుపునింపుకునే తిండిగ ఈ డబ్బా ఇండ్లల్లకు వోయింది. అంతకుముందు స్పగెట్టి అంటే వలసొచ్చినోళ్ల తిండి అని పక్కకు వెట్టినోళ్లే ఇప్పుడు పిల్లలకు వడ్డిచ్చిన్రు. కార్ఖానకు జాగ సరిపోక 1938ల పెన్సిల్వేనియా రాష్ట్రంల మిల్టన్ అనే చిన్న ఊరికి మార్చిండు. సుట్టుపక్కల రైతులు టమాట వండిచ్చిన్రు, పుట్టగొడుగులైతే కార్ఖానలనే వెంచిన్రు.

ఇగ యుద్ధమొచ్చింది. 1941 డిసెంబర్ల ఇటలీ, అమెరికా ఒకదానికొకటి శత్రువులైనయ్. అమెరికా పౌరసత్వం లేని ఇటలీ వాళ్లు ఆరు లక్షల మంది దాక ఉండె, సర్కారు వాళ్లను శత్రు దేశపోళ్ల లెక్కల రాసుకున్నది. రేడియోలు, కెమెరాలు గుంజుకున్నది, ఊరు దాటాల్నంటే అడ్డంకులు వెట్టింది. తెల్లారితే ఏడాది గూడ నిండకముందే, 1942 అక్టోబర్ల ఆ ముద్ర తీసేసింది గనుక సరిపోయింది. అదే కాలంల అమెరికా సిపాయిలకు ఒక ఇటలీ ఆయన కార్ఖాన నుంచే బువ్వ వోతుండె. మిల్టన్ల రాత్రింబగళ్లు పని నడిచింది. దాపు 5,000 మంది పనోళ్లు, రోజుకు రెండున్నర లక్షల డబ్బాలు.

యుద్ధం ఒడిసినంక ఫౌజు కొనుడు బందైంది. అంత పెద్ద కార్ఖాన, గంతమంది పనోళ్లు, సగం మందిని ఇంటికి పంపాలె, లేకుంటే కంపెనీని అమ్మాలె. పనోళ్ల కొలువులు వోవద్దని 1946ల అమెరికన్ హోమ్ ఫుడ్స్ అనే కంపెనీకి దాపు 60 లక్షల డాలర్లకు అమ్మిండు. ఇప్పటి లెక్కల జూస్తే అగ్గువకే వోయింది. వచ్చిన పైసలల్ల కొన్ని ఉక్కు కార్ఖానలల్ల వెట్టిండు. కంపెనీకి సలహాలు చెప్పుకుంట, టోపీ వెట్టుకోని టీవీ ప్రకటనలల్ల కనబడ్డడు. మొఖం ఆయనదే, పేరు ఆయనదే. డబ్బాల ఏం వడాల్నో తేల్చేది మాత్రం కొన్నోళ్లు. హోటల్ల ఉన్నప్పుడు సాసు రుసి జూసి ఉప్పు సరిపోలేదంటే సరిపోనట్టే.

1985 జూన్ 21న పోయిండు. 87 ఏండ్లు బతికిండు. పోయింది క్లీవ్‌లాండ్ పక్కనున్న పార్మా అనే ఊర్లె. ఇటలీల గూడ పార్మా ఉన్నది, ఆయన పుట్టిన పియాచెంజాకు పక్క జిల్లనే.