విమానంలో చోటు దొరకని సైనికుడు

సంచికకు నాలుగు మాటలు రాయమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఈసారి తప్పించుకోలేదు. దానికి కారణం మా శ్రీరాంపూర్ కుర్రాడొకడు. మొన్న సైన్యంలో భర్తీకి పోయి, పరుగులో నెగ్గి, ఛాతీ కొలత దగ్గర తప్పి తిరిగొచ్చాడు. అప్పటినుంచి క్లాసుకు రావడం మానేశాడు.

వాడి బాధ నాకు తెలుసు. 1999లో కార్గిల్ యుద్ధం నడుస్తున్న రోజుల్లో నేనూ అలాగే పోయాను. ఎన్‌సీసీ సర్టిఫికెట్ సంచిలో పెట్టుకుని మంచిర్యాలలో రైలెక్కాను. ఊపిరి బిగించి నిలబడితే ఛాతీ ఐదు సెంటీమీటర్లు పెరగాలి. నాకు నాలుగే పెరిగింది. ఇంటికి చేరేసరికి బాపు రెండో షిఫ్టుకు బాయికి బయల్దేరుతున్నాడు. నా మొహం చూసి సంగతి గ్రహించాడు. అన్నం తిన్నావా అని మాత్రం అడిగి, టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత టీవీలో కార్గిల్ వీరులను చూపినప్పుడల్లా నేను లేచి బయటికి పోయేవాణ్ణి. దేశానికి పనికిరాని వాణ్ణనే దిగులు చాలా ఏళ్లు నన్ను వదల్లేదు.

ఆ దిగులు కొంత తగ్గింది ఒక మనిషి జీవితం చదివాకనే. ఆయన మన హైదరాబాదు వాడే. పేరు ఆబిద్ హసన్ సఫ్రానీ. పరేడులో మన కాడెట్లు గొంతెత్తి చెప్పే జైహింద్ అన్న పలకరింపు ఆయన కూర్చిందేనని ప్రతీతి. ఆ మాట అందరికీ తెలుసు, మనిషి సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

1911లో పుట్టిన ఆయన అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. తల్లి ఫక్రుల్ హాజియా బేగం గాంధీ గారి మీద గొప్ప గురి ఉన్న ఇల్లాలు. నిజాం రాజ్యంలో, అదీ ఉన్నత కుటుంబంలో, విదేశీ బట్టలు తగలబెట్టి ఖద్దరు కట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ తల్లి కొడుకు చదువు వదిలి సబర్మతి ఆశ్రమానికి పోయాడు, శాసనోల్లంఘనలో జైలుకూ పోయాడు. తర్వాత ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్లాడు.

1941 ఏప్రిల్‌లో సుభాస్ చంద్రబోస్ బెర్లిన్ చేరారు. ఆబిద్ హసన్ మళ్లీ చదువు వదిలేశాడు. నేతాజీకి కార్యదర్శి, దుబాసీ అయ్యాడు. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్లకు, ఇటాలియన్లకు చిక్కిన మన సిపాయిలను కూడగట్టి అక్కడ ఒక దళం తయారుచేస్తున్నారు. హిందువులు ఒక విధంగా, ముస్లిములు ఒక విధంగా, సిక్కులు మరో విధంగా పలకరించుకునేవారు. అందరి నోటా ఒకే పలకరింపు ఉండాలన్న అవసరంలో పుట్టింది జైహింద్. తర్వాత జెండా రంగుల మీద వాదన వచ్చినప్పుడు, ముస్లిమైన ఈయన కాషాయాన్ని తన పేరులోనే కలుపుకుని సఫ్రానీ అయ్యాడు.

1943 ఫిబ్రవరిలో నేతాజీ కీల్ రేవులో యూ-180 అనే జర్మన్ జలాంతర్గామి ఎక్కారు. ఆయన వెంట వెళ్లిన భారతీయుడు ఆబిద్ హసన్ ఒక్కడే. డీజిల్ వాసన, కాళ్లు చాపుకునే జాగా లేని గది, పైన శత్రువుల ఓడలు. ఏప్రిల్ ఆఖర్లో మడగాస్కర్ దగ్గర, ఎగిసిపడే సముద్రంలో చిన్న రబ్బరు పడవ మీద ఇద్దరూ ఐ-29 అనే జపాన్ జలాంతర్గామిలోకి మారారు. మే నెలలో సుమత్రా దగ్గరి సబాంగ్‌లో నేల మీద కాలు పెట్టారు.

ఇక్కడ మనం మరిచిపోకూడని వాళ్లున్నారు. ఐరోపాలో మిగిలిపోయిన ఆ దళం సిపాయిలు, వేలమంది. స్వదేశం కోసం పోరాడతామని ప్రమాణం చేసిన వాళ్లను హాలెండుకు, అక్కణ్ణుంచి ఫ్రాన్సు సముద్రతీరానికి కాపలాకు పంపారు. స్వదేశపు సరిహద్దు దాకా పోయే అవకాశం వాళ్లకు రానే లేదు.

ఆబిద్ హసన్‌కు వచ్చింది. ఆజాద్ హింద్ ఫౌజులో మేజరయ్యాడు. ఆ ప్రభుత్వం పాడుకున్న జాతీయ గీతం హిందుస్తానీ రచనలో ఆయన చెయ్యి ఉంది. 1944లో ఇంఫాల్ రంగానికి పోయాడు. కానీ వానలు ముంచెత్తాయి, తిండి, మందులు అందలేదు. గుళ్లకంటే ఆకలికి, జ్వరాలకు పోయినవాళ్లే ఎక్కువ. జులైలో వెనక్కి తిరగవలసి వచ్చింది. అడవిదారిన ఈడ్చుకుంటూ తిరిగొచ్చిన వాళ్లలో ఆయనా ఒకడు.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. ఆగస్టు 17న నేతాజీతో పాటు సైగాన్ చేరిన కొద్దిమందిలో ఆబిద్ హసన్ ఉన్నాడు. విమానంలో నేతాజీ కాక మరొక్కరికే చోటుంది. హబీబుర్ రెహ్మాన్ ఎక్కారు. మూడు నెలలు జలాంతర్గామిలో వెన్నంటి ఉన్న మనిషి నేల మీద నిలబడి చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు తైపేలో ఆ విమానం కూలింది.

ఆ తర్వాత నిర్బంధం, విడుదల. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఫౌజు వాళ్లను స్వతంత్ర భారత సైన్యంలోకి తీసుకోలేదు. దేశం కోసం యూనిఫాం వేసుకున్న వాళ్లకు దేశపు యూనిఫాం దక్కలేదు. మరి ఆయనేం చేశాడు? విదేశాంగ శాఖలో చేరి, దేశదేశాల్లో మన ప్రతినిధిగా పనిచేశాడు, డెన్మార్కులో రాయబారిగా ఉన్నాడు. 1969లో పదవీ విరమణ చేసి హైదరాబాదుకు తిరిగొచ్చాడు. 1984లో కన్నుమూశాడు.

పోయిన ఆదివారం శ్రీరాంపూర్ వెళ్లి, కాలనీలో ఆ కుర్రాడి ఇంటి అరుగు మీద కూర్చుని ఇదంతా చెప్పాను. నా నాలుగు సెంటీమీటర్ల సంగతి కూడా, మొదటిసారి ఒకరికి, చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒక్కటే అడిగాడు, విమానం పోయిన ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టి ఉంటుందా అని. పట్టి ఉండదనే అన్నాను. అయినా తెల్లారాక లేచే ఉంటాడు గదా.

సోమవారం హాజరు పిలుస్తూ వాడి పేరు దగ్గర ఆగి తలెత్తి చూశాను. వెనక బెంచీలో ఉన్నాడు. వచ్చే భర్తీకి మళ్లీ పోతానంటున్నాడు. తప్పకుండా పొమ్మన్నాను. ఈలోపల పరీక్ష ఫీజు కట్టమని కూడా చెప్పాను.